తిరుగు దారిలో చలి

ఇంజిన్ బాగా వేడెక్కేదాకా బానెట్ జోలికి పోవద్దక్కా, వేడి చూపించే ముల్లు మధ్యకి వచ్చి నిలబడ్డాకే దిగు అని పక్క వాటా టాక్సీ తమ్ముడు ఫోన్లో ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు గనక ఆమె దిగలేదు. డ్రైవర్ సీట్లో కోటు గుండీలన్నీ పెట్టుకుని, ఒక చేతికి గ్లౌజు వేసుకుని, రెండో చేయి హీటర్ గాలి వచ్చే జాలీ ముందు పెట్టుకుని కూర్చుంది. గాలి వస్తోంది. రావడానికేం, ఫ్యాన్ ఆఖరి నంబరు మీద పెడితే గోలగోలగా వస్తోంది, కానీ అందులో వేడి ఏదీ, నిద్రపోతున్నవాళ్ళ ముక్కు దగ్గర వేలు పెడితే తగిలేంత, అంతే. ముందు అద్దం మీద మంచు గీకిన చోటే మళ్ళీ పొర కడుతోంది. పాత కారమ్మా, పాత కారుకి వెయ్యి రోగాలు అన్నాడు గ్యారేజీవాడు, వచ్చే వారం తీసుకురండి చూద్దాం అని కూడా అన్నాడు. వచ్చే వారందాకా ఆగే పనైతే ఆమె ఈ చలిలో ఇక్కడెందుకు కూర్చుంటుంది. మధ్యాహ్నానికి ఆయన్ని డయాలిసిస్‌కి తీసుకెళ్ళాలి. కారు వెచ్చగా ఉంటే వస్తానన్నాడు, లేకపోతే రానన్నాడు. మొన్న అలాగే మానేశాడు. ఒకటి తప్పితే ఏదో సర్దుకుంటుంది, వరసగా రెండు తప్పితే మాత్రం నేను చెప్పేదేం ఉండదమ్మా అని నర్సు అంది, కోపంగా కూడా కాదు, బస్సు వెళ్ళిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. కాబట్టి ముల్లు ఎక్కాలి. ఎక్కితే ఆమె దిగి ఇంజిన్ వెనకాల రెండు గొట్టాలు పట్టుకుని చూడాలి.

రెండో అంతస్తు కిటికీలో ఆయన తల కనిపిస్తోంది. ఊదారంగు ఉన్ని టోపీ, దాని కింద ముఖం ఉందని ఆమెకు తెలుసు గనక ఉంది, తెలియనివాళ్ళకి అద్దంలో ఆకాశం తప్ప ఇంకేం కనబడదు. పొద్దున్నుంచీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఆమె పైకి చూసి చేయెత్తింది, కాసేపటికి టోపీ పక్కన ఒక చేయి లేచింది, లేచి, ఊపకుండానే దిగిపోయింది. ఒకప్పుడైతే ఈపాటికి కిందికి వచ్చేసి, లే లే, నీకేం తెలుసు అని ఆమెను సీట్లోంచి లేపేసి, చొక్కా చేతులు మడిచి, బానెట్‌లోకి తల దూర్చి ఉండేవాడు. లోపల్నుంచే చెయ్యి చాచి, ఆ పానా ఇటివ్వు, కాదు, చిన్నది, అది కాదే తల్లీ అని విసుక్కుంటూ ఉండేవాడు. కారంటే పిచ్చేం కాదు ఆయనకి, కానీ ఇంట్లో ఏ వస్తువు పాడైనా అది తన పరువు పోయినట్టే లెక్క. పుస్తకాలు బైండింగ్ చేసుకునే మనిషికి ఇంజిన్లతో ఏం పని అని ఆమె దెప్పితే, కట్టేవాడికి విప్పడం రాదనుకున్నావా అనేవాడు. నిజంగానే విప్పేవాడు. గోడ గడియారం, ఆమె కుట్టు మిషను, పక్కింటివాళ్ళ రేడియో, అన్నీ విప్పి మళ్ళీ కట్టాడు, రేడియో ఒక్కటే మాట్లాడలేదు, దానికి ఇష్టం లేదులే అని సర్దిచెప్పాడు. ఇప్పుడు మెట్లు దిగాలంటే ప్రతి మలుపు దగ్గరా గోడ పట్టుకుని నిలబడాలి. కాళ్ళు వాచాయి. నిన్న సాయంత్రం మేజోళ్ళు విప్పితే వాటి అంచు చర్మంలోకి గాడిలా దిగబడి ఉంది, ఆమె వేలితో రాయబోతే కాలు వెనక్కి లాక్కున్నాడు, చక్కిలిగిలి అన్నాడు. చక్కిలిగిలట. పెళ్ళైనప్పట్నుంచీ ఆ కాళ్ళకి ఎప్పుడైనా చక్కిలిగిలి పుట్టిందా.

ముల్లు ఒక గీత ఎక్కింది. ఎక్కిందా, ఇంజిన్ ఊపుకి ఊగిందా, ఎక్కిందనే అనుకుందాం. మొన్న ఆయన మంచం అంచున కూర్చుని, బూట్లు ముందు పెట్టుకుని, తొడుక్కోకుండా చూస్తూ ఉండిపోయాడు. అక్కడ పడుకోవడం నాకేం కష్టం కాదే, తిరిగొచ్చేటప్పటి చలి నా వల్ల కాదు అన్నాడు. అది అబద్ధం కాదు. ఒంట్లోంచి రక్తం బయటికెళ్ళి ఆ యంత్రమంతా తిరిగి మళ్ళీ లోపలికొచ్చేసరికి కాస్త చల్లబడుతుందట, నర్సు చెప్పింది, చాలామందికి వణుకొస్తుంది, దుప్పటి తెచ్చుకోండి అంది. ఆమె రెండు తీసుకెళ్ళేది, వేడినీళ్ళ సంచీ ఒకటి తువ్వాల్లో చుట్టి ఆయన ఒళ్ళో పెట్టేది. అయినా ఆ ముప్పావు గంట దారిలో ఆయన పళ్ళు టకటకమని కొట్టుకునేవి, ఆ శబ్దం వినపడకూడదని ఆయన దవడ బిగబట్టేవాడు, బిగబట్టిన సంగతి తనకి తెలిసినట్టు ఆయనకి తెలియకూడదని ఆమె రేడియో పెట్టేది. ఇద్దరూ ఎదురుగా రోడ్డు చూసేవాళ్ళు. ఆ యంత్రానికి కూడా రెండు గొట్టాలే, ఒకటి పోయేది, ఒకటి వచ్చేది, ఈ హీటర్‌కీ అంతే, ఆ మాట మనసులోకి రాగానే ఆమె దాన్ని గుమ్మంలోనే నిలబెట్టి పంపించేసింది. పోల్చుకోవడానికి ఇదా సమయం. పోలికలు పెట్టుకుని కూర్చునేది పనీపాటా లేనివాళ్ళు.

క్లినిక్ వ్యాన్ ఉంది. అది అందర్నీ ఎక్కించుకుని, అందర్నీ దింపి, ఎప్పటికో ఇల్లు చేరుస్తుంది, ఒకసారి ఎక్కి మళ్ళీ ఎక్కనన్నాడు. టాక్సీ తమ్ముడు పక్క వాటాలోనే ఉంటాడు, నేను దింపుతానక్కా, మీటరు వెయ్యన్లే అని ఎన్నిసార్లన్నాడో. ఈయన తల అడ్డంగా ఊపేశాడు, దారిలో కడుపులో తిప్పితే వాడి సీట్లు పాడుచేసి వాడి పొట్ట కొట్టనా అన్నాడు. మన కారే కావాలి. మన కార్లో ఎలా ఉన్నా ఎవడికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. సరే, మన కారే అనుకుంటే, మన కారుకి ఈ జబ్బొచ్చింది. చలికాలం మొదట్లో బాగానే ఉండేది, కోటు విప్పేంత వెచ్చగా ఉండేది. తర్వాత ఒకరోజు ఆయనే అన్నాడు, హీటర్ సరిగ్గా రావట్లేదే అని. ఆమెకు తెలియకముందే ఆయన అన్నాడు. ఆయనకి ఫిర్యాదులు చేసే అలవాటే లేదు, కూరలో ఉప్పు లేకపోయినా తినేసి లేచే మనిషి, అలాంటి మనిషే అన్నాడంటే ఎంత చలేసి ఉంటుందో అనుకుంది ఆమె. అప్పట్నుంచీ ఈ కారు వెనకాల పడింది.

ఆమెది బట్టలు సరిచేసే దుకాణం. కొత్తవి కుట్టదు, లావైనవాళ్ళకి వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళకి బిగిస్తుంది, కాలం మారినప్పుడల్లా ప్యాంట్ల అంచులు పైకీ కిందకీ జరుపుతుంది. మనుషులు లోకానికి చెప్పని సంగతులు నడుం కొలతలో చెప్పేస్తారు, ఆమె వింటుంది, ఎవరి చెవినా వెయ్యదు. ఆయన ప్యాంట్లు ఈ ఏడాదిలో రెండుసార్లు లోపలికి తీసింది. గిరాకీ బట్టలు తీసినట్టే తీసింది, సుద్దతో గీత, గుండుసూదులు, కుట్టు, ఇస్త్రీ. ఏడవలేదు, ఏడవడానికి అందులో ఏముంది, గుడ్డ కదా. ఆవిరి ఇస్త్రీపెట్టె నీళ్ళలోని సున్నం పేరుకుని మూసుకుపోతే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. నీళ్ళుంటాయి, వేడి ఉంటుంది, ఆవిరి మాత్రం రాదు, రెండు చుక్కలు కక్కి ఊరుకుంటుంది. హీటర్‌లో కూడా అలాంటిదే ఏదో అయ్యుంటుందని ఆమె ఊహ. ఆయన్నడిగింది. అయ్యుండొచ్చు అన్నాడు. ముందు రేడియేటర్‌లో నీళ్ళు చూడు అన్నాడు, చూసింది, గీత దాకా ఉన్నాయి. లోపలి ఫిల్టర్ మార్చు అన్నాడు, సామాన్ల అర విప్పి, దాని వెనకాల నుంచి ఫిల్టర్ బయటికి లాగితే అందులో ఎండుటాకులు, ఒక టాక్సీ రసీదు ముక్క, ఎప్పుడో పోయిందనుకున్న ఆమె జడపిన్ను వచ్చాయి. కొత్తది పెట్టింది, గాలి జోరుగా రావడం మొదలెట్టింది, చల్లటి గాలి. అయితే థర్మోస్టాట్ పోయుంటుంది అన్నాడు ఆయన, అది గ్యారేజీ పని, మన వల్ల కాదు, వారం పడుతుంది. ఆ మాట అంటూ దుప్పటి భుజాల దాకా లాక్కున్నాడు. థర్మోస్టాట్ పోతే ముల్లే ఎక్కదక్కా, ముల్లు టైముకి ఎక్కుతోందంటే అది బాగున్నట్టే, ఆ గొట్టాలు రెండూ పట్టుకుని చూడమని బావగారు చెప్పలేదా అన్నాడు టాక్సీ తమ్ముడు పొద్దున ఫోన్లో. చెప్పలేదు. అన్నీ విప్పి కట్టిన మనిషి ఆ ఒక్కటీ చెప్పలేదు. మర్చిపోయాడేమో, మందుల వల్ల మతిమరుపు వస్తుందని కూడా నర్సు చెప్పింది. ఆవిడ చాలా చెప్తుంది.

ముల్లు మధ్య గీత మీద నిలబడింది. నిలబడి ఇంక కదలనని మొరాయించినట్టు అక్కడే ఉంది, మంచిది, అక్కడే ఉండు తల్లీ. ఆమె ఇంజిన్ ఆన్‌లోనే వదిలి దిగింది. కింద గడ్డి మంచుకి బిరుసెక్కి బూటు కింద పటపటమంది. బానెట్ ఎత్తి కడ్డీ ఆనించింది, వేడి నూనె వాసన ముఖానికి కొట్టింది, ఇంత వేడి ఇక్కడుంచుకుని లోపలికి పంపడానికి ఏం రోగం దీనికి. ఫ్యాన్ బెల్టు దగ్గరికి చెయ్యి పోనివ్వకు, కొంగు గానీ మఫ్లర్ గానీ వేలాడకుండా చూసుకో అన్నాడు తమ్ముడు, ఆమె మఫ్లర్ కోటులో కుక్కుకుంది. ఇంజిన్ వెనకాల, అద్దం కింద గోడలోకి రెండు నల్లటి గొట్టాలు పోతున్నాయి, బొటనవేలంత లావు. ఒకటి పట్టుకుంటే చురుక్కుమని కాలింది, చెయ్యి తీసేసి విదిలించుకుంది. రెండోది పట్టుకుంది. చల్లగా ఉంది. పూర్తిగా చల్లన కాదు, చల్లారిపోయిన టీ గ్లాసంత. రెండూ కాలితే లోపలికి నీళ్ళు తిరుగుతున్నట్టు, ఒకటి కాలి ఇంకొకటి చల్లగా ఉంటే తిరగనట్టు, అప్పుడు లోపల చెత్తైనా పేరుకుని ఉంటుంది, మధ్యలో ఉండే చిన్న వాల్వైనా మూసుకుపోయి ఉంటుంది, తిప్పే కొళాయి లాంటిదనుకో అక్కా అన్నాడు. ఆమె గ్లౌజు చేత్తో వేడి గొట్టం వెంట తడుముకుంటూ వెళ్ళింది. వేడి, వేడి, వేడి, గోడ దగ్గరికి రాకముందే ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలాంటిది, దాన్ని దాటాక అదే గొట్టం చల్లగా. ఇదే కాబోలు ఆ కొళాయి. పక్కన వేలెడు పొడుగు పిడి ఉంది. పిడిని నడిపే తీగ ఒకటి లోపల్నుంచి, డ్రైవర్ ముందుండే ఎర్రగీత నీలంగీత మీట దగ్గర్నుంచి, ఇక్కడిదాకా వచ్చింది. వచ్చి, పిడికి తగులుకోకుండా పక్కకి వేలాడుతోంది. ఈమధ్య మీట మరీ సులువుగా జరుగుతోందని ఆమె అనుకుంది కూడా, నూనె పట్టిందేమో అనుకుంది. ఊడిపోయింది, అంతే కదా, ఇంతోటిదానికా, ఆమెకు నవ్వొచ్చింది, తీగ పట్టుకుని పిడికి తగిలించబోయింది. పిడి కదల్లేదు. కట్టేసి ఉంది.

ఆకుపచ్చ దారం. బడిపిల్లల యూనిఫాం అంచులకి వాడే ముదురాకుపచ్చ, గట్టిది, ఆమె దుకాణంలో ఉండాల్సిన ఉండ ఈమధ్య కనబడక డబ్బాలన్నీ తిరగేసి కొత్తది కొనుక్కుంది. పిడిని దాదాపు మూసేసి, అంటే పూర్తిగా మూసేయకుండా, ఇంత సందు వదిలి, పక్కనున్న ఇనప బద్దకి ఆ దారంతో చుట్టి కట్టేశారు. మైనం పట్టించిన దారం. ఇంజిన్ వేడికి ఆ మైనం కరిగి బద్ద మీద మరకలా మెరుస్తోంది. ముడి చూడక్కర్లేదు, అయినా చూసింది. మూడు చుట్లు, కొస వెనక్కి తిప్పి చుట్ల కిందనుంచి లాగి నొక్కేసిన ముడి, వేలితో రాస్తే తగలదు. పుస్తకం వీపు మీద ముడి ఉబ్బెత్తుగా ఉంటే అట్ట కింద తెలిసిపోతుంది అనేవాడు ఆయన, ముడి ఉందని తెలియకూడదు, విడిపోకూడదు, అదే పనితనం. అలా కట్టడం ఆమెకు కూడా నేర్పబోయాడు, ఆమెకు రాలేదు. ఈ ఊళ్ళో అలా కట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆమె పైకి చూడలేదు. చూడకూడదనుకుంది, మెడ దానంతటదే తిరగబోతే బానెట్ నీడలోకి ఇంకొంచెం వంగింది. ఇంజిన్ మామూలుగా ఆడుతోంది. ఎప్పుడు దిగాడు. ఆమె దుకాణంలో ఉన్న ఏ పూటో, రెండంతస్తుల మెట్లు, ప్రతి మలుపులో గోడ పట్టుకుని, ఆయాసం తీర్చుకుని, మళ్ళీ దిగి. బానెట్ ఎలా ఎత్తాడు. ఎడమ చేత్తో పాలసీసా కూడా ఎత్తకూడదు, సూదులు గుచ్చే చెయ్యి అది, ఆ చేత్తో ఈ బరువెత్తాడా, ఆమెకు ఒళ్ళు మండింది, మొదట వచ్చిన కోపం దానికే, బుద్ధుందా ఈ మనిషికి, ఆ నరం చిట్లితే ఏం కావాలి. ఆ తర్వాత మిగతాది అర్థమైంది. పూర్తిగా మూసేస్తే హీటర్ అసలు రాదు, అసలు రాకపోతే ఆమె ఆ రోజే గ్యారేజీకి తోలుకెళ్తుంది, వాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు. కొంచెం వదిలితే కొంచెం వస్తుంది. కొంచెం వచ్చేదాంతో మనుషులు సర్దుకుపోతారు, వారాలకి వారాలు సర్దుకుపోతారు, ఇవాళ రేపు అంటూ. ఆ సంగతి తెలిసి కట్టాడు. ఎంత సందు వదలాలో వేలితో చూసుకుని కట్టాడు. దారానికి మైనం పట్టించాడు, కొస తెగ్గోసి నొక్కాడు. ఏడాదిగా ఆయన చేసిన పనులన్నిట్లో శ్రద్ధగా చేసిన పని ఇదొక్కటే, ఆ మాట తోచగానే మాత్రం ఆమెకు ఏడుపొచ్చింది, రెండు చేతులూ బానెట్ అంచు మీద పెట్టుకుని కాసేపు ఏడ్చింది, గ్లౌజుతో ముఖం తుడుచుకుంది, గ్లౌజుకి నూనె మరక ఉన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

చలి కాదన్నమాట. చలి కావాల్సి వచ్చింది ఆయనకి. నాకు ఇంక వద్దు అని ఎదురుగా కూర్చుని అంటే ఆమె ఏం చేస్తుంది, ఏడుస్తుంది, లేదా ఏడవకుండా ప్యాంటు అంచులు కుడుతూ కూర్చుంటుంది, అది ఇంకా ఘోరం. నర్సుకి ఫోన్ చేస్తుంది, డాక్టర్ని మందలించమంటుంది, పక్క వాటావాళ్ళని పిలుస్తుంది. ఇవన్నీ చేస్తుందని ఆయనకి తెలుసు. నిజమే, చేస్తుంది. ఆమె ఎప్పుడైనా అడిగిందా, ఎలా ఉందండీ మీకు, లోపల, అని. టైముకి మాత్రలు వేసింది, నీళ్ళు కొలిచి ఇచ్చింది, దుప్పట్లు మోసింది, రేడియో పెట్టింది. ఆయన పళ్ళ చప్పుడు వినపడకుండా రేడియో పెట్టింది. సరే, ఇప్పుడీ దారం సంగతి. వదిలేసి పైకెళ్ళి, ఏం దొరకలేదండీ అనొచ్చు. ఆయన హాయిగా దుప్పట్లో పడుకుంటాడు, రెండోది కూడా తప్పుతుంది, తర్వాత ఇంక ఎవరూ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. లేదా కోసేసి, ఏమీ తెలియనట్టు, బాగైందండీ పదండి అనొచ్చు. ఆయన రావాల్సి వస్తుంది, సాకు లేదు కదా, వచ్చి పడుకుంటాడు, ఇంకో నెలకి ఇంకేదో కడతాడు. కోటు జేబులో చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. తీసి దారం కింద దూర్చింది. తెగడానికి ఏమంత సేపు పట్టలేదు. తీగ కొక్కేన్ని పిడికి తగిలించి, బానెట్ దించి, లోపల కూర్చుని మీటని ఎర్రగీత చివరికి జరిపింది. ఈసారి అది బరువుగా కదిలింది. ముందు రబ్బరు వాసన, తర్వాత గోరువెచ్చన, తర్వాత వేడి, నిజమైన వేడి, మోకాళ్ళ మీదికి, మణికట్టు మీదికి, అద్దం మీద పొర కింద నుంచి పైకి కరిగిపోతూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఎంత చలిలో తిరిగిందో ఆమెకు అప్పుడు తెలిసింది. వేళ్ళు నొప్పి పుట్టేదాకా అక్కడే కూర్చుంది.

ఇంజిన్ అలాగే ఉంచి పైకెళ్ళింది. తలుపు తీసేసరికి ఆయన కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగి ఉన్నాడు. స్వెట్టరు వేసుకున్నాడు, కాళ్ళకి ఏమీ లేవు, బూట్లు కుర్చీ కింద ఉన్నాయి. ఆమె ముఖం మీద నూనె మరక చూశాడు, కళ్ళు చూశాడు. నీళ్ళు నములుతూ, గొట్టాలు చూశావా అని అడిగాడు.

“చూశాను. దారం కోసేశాను.”

ఆయన కాదనలేదు. ఏ దారం అని అడగలేదు. ఎడమ చెయ్యి మీద కుడి చెయ్యి వేసుకుని, స్వెట్టరు కింద ఆ సూదుల చోటుని మెల్లగా తడుముకున్నాడు. మెట్లెక్కుతూ ఆమె ఎన్ని మాటలు కూడగట్టుకుందో, ఆ చెయ్యి చూసేసరికి వాటిలో తిట్లన్నీ పోయాయి. వెళ్ళి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది, బూట్లకి ఇవతల.

“చలి కాదా అండీ?”

“చలి కూడా,” అన్నాడు ఆయన. తర్వాత, “విసుగొచ్చిందే. పొద్దున లేస్తే అదే, మానేస్తే ఈ వాపు, వెళ్తే ఆ మంచం. నీతో అనలేకపోయాను. నువ్వు ఇంత చేస్తుంటే ఎలా అనను.”

కింద ఇంజిన్ చప్పుడుకి కిటికీ అద్దం సన్నగా అదురుతోంది. బతిమాలొచ్చు, ఒట్టు పెట్టించుకోవచ్చు, ఇంతకుముందైతే ఆ రెండూ చేసి ఉండేది. ఆయన ముఖంలోకి చూస్తే భయమేం లేదు, సిగ్గు ఉంది, అట్ట తలకిందులుగా అంటించిన పుస్తకాన్ని గిరాకీ చూసేసినప్పుడు పడే సిగ్గు.

“ఇవాళ రండి,” అంది. “వచ్చి, వద్దనుకుంటే వద్దని ఆ డాక్టరుతో మీ నోటితో మీరే చెప్పండి. నేను మధ్యలో మాట్లాడను. కారు చేత మాత్రం చెప్పించకండి.”

“ఆయన ఒప్పుకోకపోతే?”

“ఆయన సంగతి నాకు తెలీదు. నేను వింటాను. నాకు చెప్పండి.”

ఆయన ఆమె తలలో పాపిడి వంక చూశాడు. తర్వాత కాలు ముందుకు చాపాడు. వాచిన పాదం బూటులోకి దూరదు, లేసులన్నీ ఊడదీసి, నాలుక బయటికి లాగి, మడమ మీద చెయ్యి పెట్టి ఆమె మెల్లగా దూర్చింది, రెండోది కూడా. మెట్ల మీద మొదటి మలుపులో ఆగారు, రెండో మలుపులో ఆగారు. ఆమె తొందరపెట్టలేదు. ఆ రోజు ఎన్నిసార్లాగారు ఇక్కడ అని అడిగింది, లెక్క పెట్టలేదన్నాడు, బానెట్ ఎత్తడానికి ఏ చెయ్యి వాడారు అని అడిగింది, కుడి చెయ్యే, తలతో కూడా నెట్టాను అన్నాడు, ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆయనకి నవ్వుతో పాటు దగ్గొచ్చింది, మళ్ళీ ఆగారు.

కారు లోపల పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది. ఆయన సీట్లో సర్దుకుని, దుప్పటి తీసి వెనక్కి పడేసి, టోపీ కూడా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, జుట్టు ఒకవైపు అణిగిపోయి ఉంది. తగ్గించనా అంది. ఉండనీ అన్నాడు. వీధి మలుపు దాటి పెద్దరోడ్డు ఎక్కారు. ఆమె చెయ్యి అలవాటుగా రేడియో మీదికి పోయింది, పోయి, గేరు మీదికి తిరిగొచ్చింది. ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. కొంత దూరం పోయాక ఆయన ఒళ్ళో టోపీని అటూ ఇటూ తిప్పుతూ గొంతు సవరించుకున్నాడు.

“మొదట్లో ఆ సూదులంటే భయపడేవాణ్ణి. రాత్రి నిద్ర పట్టేది కాదు. ఈమధ్య భయం వెయ్యట్లేదు. సూదికీ భయం లేదు, మానేస్తే ఏమవుతుందో దానికీ భయం లేదు. అదే నాకు బాగోలేదే.”

ముందు పోతున్న లారీ పక్కకి జరిగి దారిచ్చింది. ఇంకా టైముంది. ఊఁ అంది, చెప్పమన్నట్టు, లారీని దాటకుండా దాని వెనకాలే బండిని నెమ్మదిగా పోనిచ్చింది.